తూకం మిషన్ చెప్పని కండ లెక్క

మా మావయ్య ఫైలు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అందులో కీమో చీటీలు మూడు వరసగా పిన్ను కొట్టి ఉంటాయి, మూడింటి మీదా బరువు అన్న చోట 58 కిలోలనే రాసి ఉంది. మూడు వారాలకొక చీటీ కాబట్టి మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఆరు వారాలు గడిచాయి, ఆ ఆరు వారాల్లోనే అత్త మేకు కాల్చి ఆయన బెల్టుకి రెండు కొత్త బెజ్జాలు పెట్టింది. మరి 58 ఎలా కదలకుండా ఉంది? ఎవరూ తూచలేదు గనక. మొదటి చీటీ చూసి రెండో దాంట్లో, రెండోది చూసి మూడో దాంట్లో ఎక్కించేశారు. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. వరండాలో తూకం మిషన్ ఉండేది గానీ దాని మీద ఎవరో ఒకరు టిఫిన్ క్యారేజీ పెట్టుకునేవారు.

మాది బరంపురం, గంజాం జిల్లా. 1936లో ఒడిశా విడిగా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, ఇప్పటికీ ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా. పెద్ద జబ్బు చేస్తే కొందరు పైకి కటకం పోతారు, కొందరు రైలెక్కి కిందికి విశాఖపట్నం పోతారు. ఆ రైల్లో పలాస దాటేసరికి ఎదురు సీటు వాళ్ల చేతిలో కూడా మన దగ్గరున్నలాంటి పెద్ద కవరే కనిపిస్తుంది, స్కాన్ ఫిల్ములున్న కవరు. క్యాన్సర్‌లో ఒంటి కండ ఎలా కరిగిపోతుందో, అది బరువు అంకెలో ఎందుకు కనపడదో చెప్పబోతున్నాను; ఆ సంగతంతా నిజానికి ఆ కవర్లోనే ఉంది, కాకపోతే దాన్ని ఆ కంటితో చూసేవాళ్లు తక్కువ.

మావయ్య పట్టు మగ్గం నేసేవారు. జీర్ణాశయంలో క్యాన్సర్ బయటపడే నాటికి 66 కిలోల మనిషి 58కి దిగారు, అయిదు నెలల్లో. ఎత్తు 165 సెంటీమీటర్లు. ఎత్తుకీ బరువుకీ ముడిపెట్టే బీఎంఐ లెక్క వేస్తే 21 చిల్లర, అంటే చార్టులో పచ్చరంగు గడి, నార్మల్. చీటీ మీద కూడా అదే రాశారు. పక్కింటాయన అయితే ఒకడుగు ముందుకేసి, "ఏటి బావా, పొట్ట తగ్గి బాగున్నావు, షుగర్ కూడా దిగే ఉంటాది" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం, చార్టు కూడా అదే మాట చెబుతోంది కదా.

అసలు ఈ బీఎంఐ సూత్రం వైద్యులు కనిపెట్టింది కాదు. 1830లలో బెల్జియం గణిత శాస్త్రజ్ఞుడు క్వెటెలెట్ సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కగట్టడానికి వాడుకున్నాడు, 1972లో అమెరికాలో ఏన్సెల్ కీస్ దానికి ఇప్పుడున్న పేరు పెట్టాడు. జనం గుంపు మొత్తానికైతే బాగానే పనికొస్తుంది. ఒక్క మనిషి దగ్గరకొచ్చేసరికి దానికి కొవ్వుకీ కండకీ తేడా తెలియదు, ఎముకకీ పొట్టలో చేరిన నీటికీ తేడా తెలియదు, అన్నీ కలిపి ఒకే అంకె. పుణేలో మధుమేహం మీద ఏళ్ల తరబడి పనిచేసిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒకటి వేశారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూడ్డానికి సన్నం, లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ: మనవాళ్లలో చాలామంది ఒళ్లు ఇదే తీరు. అంటే మనం క్యాన్సర్ దాకా పోకముందే కండ ఖాతాలో నిల్వ తక్కువ పెట్టుకుని బతుకుతున్నాం.

ఇప్పుడు ఆ కవరు తెరుద్దాం. పొట్ట సీటీ స్కాన్‌లో మనిషిని అడ్డంగా పల్చటి ముక్కలుగా కోసినట్టు బొమ్మలు వస్తాయి. నడుము వెన్నుపూసల్లో మూడోది, డాక్టర్లు ఎల్‌3 అంటారు, దాదాపు బొడ్డు ఎత్తులో, కాస్త పైన ఉంటుంది. ఆ ఒక్క ముక్క బొమ్మ కిటికీ వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే మధ్యలో తెల్లగా పూస, దానికి అటూ ఇటూ బూడిదరంగులో గుండ్రటి రెండు కండలు, వెనకాల నడుము కండలు, చుట్టూ గోడలా పొట్ట కండ, మిగతాదాంట్లో చాలా భాగం పేగులూ, ముదురుగా కనిపించే కొవ్వూ. పూసకి అటూ ఇటూ ఉన్న ఆ గుండ్రటి కండ ఏదో కావాలంటే మేకని కోసేవాణ్ణి అడగండి, నడుం లోపలి మెత్తటి ముక్క అని వెంటనే చూపిస్తాడు. ఈ ఒక్క ముక్కలో ఉన్న కండ వైశాల్యాన్ని బట్టి ఒంటి మొత్తంలో కండ ఎంతుందో దగ్గరదగ్గరగా చెప్పేయవచ్చు. చదరపు సెంటీమీటర్లలో ఉన్న ఆ వైశాల్యాన్ని మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చేదే కండ సూచిక. కొత్త పరీక్ష అక్కర్లేదు, అదనపు ఖర్చు లేదు, గడ్డ కోసం తీసిన స్కానే చాలు. కానీ రిపోర్టులో గడ్డ కొలత మిల్లీమీటర్లతో సహా ఉంటుంది, కండ గురించి ఒక్క ముక్క ఉండదు.

దీని మీద లెక్కలు మొదట గట్టిగా బయటపెట్టింది కెనడాలో అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్లు, విక్కీ బారాకోస్ బృందం. 2008లో ఊపిరితిత్తులు, జీర్ణవ్యవస్థ క్యాన్సర్లున్న 2115 మందిని చూసి, అందులో ఊబకాయమున్న 325 మందిలో 250 మంది స్కాన్లు విడిగా తీశారు. లావుగా ఉన్న వాళ్లలోనే దాదాపు 15 శాతం మందికి కండ బాగా తక్కువగా ఉంది, పైనుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. అంతే లావుండి కండ సరిపడా ఉన్నవాళ్లతో పోలిస్తే వీళ్లకి చావు ముప్పు నాలుగు రెట్ల పైన. 2013లో అదే చోటి నుంచి 1473 మంది మీద ఇంకో లెక్క వచ్చింది, నన్ను పట్టుకున్నది అదే. బరువు తగ్గడం, కండ తక్కువుండడం, ఉన్న కండలో కూడా కొవ్వు చేరి నాణ్యత దిగిపోవడం, ఈ మూడూ ఉన్నవాళ్లు సగటున 8.4 నెలలు బతికారు. మూడింట్లో ఏదీ లేనివాళ్లు 28.4 నెలలు. ఈ తేడా సన్నగా ఉన్నవాళ్లలోనూ లావుగా ఉన్నవాళ్లలోనూ ఒకేలా ఉంది, అంటే బీఎంఐ ఆ లెక్కలో సోదిలోకి లేకుండా పోయింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఆ పరిశోధనల్లో కండ తక్కువ అనడానికి కండ సూచిక మీద పెట్టుకున్న గీతలు, మగవాళ్లకి 52.4, ఆడవాళ్లకి 38.5 లాంటివి, కెనడా జనం ఒళ్లని చూసి గీసినవి. మన ఒళ్లకి అవే గీతలు పెడితే ఆరోగ్యంగా తిరిగేవాళ్లు కూడా చాలామంది రోగుల జాబితాలోకి వచ్చేస్తారు. అందుకే అంకె కన్నా మనిషి మూడు నెలల కిందటి తనతో పోలిస్తే ఎలా ఉన్నాడన్నదే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. లావు వల్ల క్యాన్సర్ వస్తుందంటారు, అది నిజమే, ఒంట్లో కొవ్వు ఎక్కువైతే 13 రకాల క్యాన్సర్ల ముప్పు పెరుగుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో తేల్చింది. కానీ క్యాన్సర్ వచ్చాక చూస్తే కాస్త బొద్దుగా ఉన్నవాళ్లే ఎక్కువ కాలం బతికినట్టు చాలా లెక్కల్లో కనిపిస్తుంది. ఇదేం విడ్డూరం? సగం విడ్డూరం లెక్కలోనే ఉంది. జబ్బు బయటపడే నాటికే కరిగిపోయినవాళ్లు సన్నవాళ్ల గుంపులోకి చేరిపోతారు, మా మావయ్యలాగ. ఆరు నెలల కిందట ఆయన ఆ గుంపు మనిషి కాదు. వాళ్లంతా త్వరగా పోతారు కాబట్టి సన్నదనం చెడ్డదిగా, లావు మంచిదిగా కనిపిస్తుంది. మిగతా సగం ఏమిటంటే లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి ఆ బరువు మోసే కండ కూడా ఉంటుంది. 2018లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ వచ్చిన, ఇతర అవయవాలకి పాకని 3241 మంది ఆడవాళ్ల స్కాన్లు చూస్తే ముడి విడిపోయింది: కండ తక్కువున్నవాళ్లకి చావు ముప్పు 41 శాతం ఎక్కువ, కొవ్వు బాగా ఎక్కువున్నవాళ్లకి 35 శాతం ఎక్కువ, కండ తక్కువా కొవ్వు ఎక్కువా రెండూ ఉంటే 89 శాతం ఎక్కువ. కొవ్వు కాపాడుతున్నట్టు అక్కడేమీ కనపడలేదు.

ఈ కండ తక్కువా కొవ్వు ఎక్కువా రకం మా ఇచ్ఛాపురం పిన్నిది. రొమ్ము క్యాన్సర్, ఆపరేషన్ అయింది, తర్వాత కీమో ఇచ్చారు. 62 కిలోలుండేది, కీమో అయ్యేసరికి 67. ఇంటిల్లిపాదీ సంబరం, "మందు పడింది, ఒళ్లు చేసింది" అని. కానీ ఆవిడ కత్తిపీట ముందు పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాల్సొచ్చేది, ఊరగాయ జాడీ మూత తియ్యడానికి మనవణ్ణి పిలిచేది. చీర కట్టుకున్నాక నడుం దగ్గర బిగుతు, జాకెట్టు చేతులు మాత్రం వదులు. ఆ ఒక్క జాకెట్టు చూస్తే చాలు, పెరిగిన అయిదు కిలోలు ఎక్కడ చేరాయో, పోయినది ఎక్కడ పోయిందో తెలిసిపోతుంది. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్లు ఆకలి పెంచుతాయి, నీరు నిలబెడతాయి, అదే చేత్తో కండని తినేస్తాయి. దాని మీద ఇంట్లోవాళ్లు మంచం దిగనివ్వరు.

మరి కండ అంత ముఖ్యం ఎందుకయింది? కండంటే మనకి బరువులెత్తడం, నడవడం గుర్తొస్తుంది. ఒంటి దృష్టిలో అది ప్రొటీన్ గాదె కూడా. జ్వరమొచ్చినా, గాయమైనా, ఆపరేషనైనా, పుండు మానాలంటే, రక్షణ కణాలు పుట్టాలంటే సరుకు ఆ గాదెలోంచే వస్తుంది. కొవ్వు ఎంతున్నా ఆ పనికి రాదు. క్యాన్సర్‌లో గాదెకి రెండు వైపులా కన్నం పడుతుంది. ఒకటి తిండి తగ్గడం, ఇది అందరికీ కనిపిస్తుంది. రెండోది కనపడనిది, ఒంట్లో లోలోపల రాజుకుంటూ ఉండే వాపు, డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు. గడ్డా, దాని మీదికి లేచిన మన రక్షణ కణాలూ కలిసి రక్తంలోకి కొన్ని రసాయనాలు వదులుతాయి. అందులో టీఎన్ఎఫ్ అనే దానికి 1980లలో పెట్టిన ఇంకో పేరే "కకెక్టిన్", కృశింపజేసేది అని అర్థం. వీటి ప్రభావంతో కండ కణాలు తమ ప్రొటీన్లని తామే ముక్కలు చేసుకుంటాయి, కాలేయం ఆ ముక్కల్ని లాక్కుని వాపు ప్రొటీన్లు తయారుచేస్తుంది. జీడీఎఫ్-15 అని ఇంకొకటి నేరుగా మెదడు కాండం దగ్గరకెళ్లి ఆకలి చంపేసి వికారం పుట్టిస్తుంది. కాబట్టి "మనసు పెట్టి తినాలి, మొండికేస్తే ఎలా" అని రోగిని కోప్పడడం ఎంత అన్యాయమో చూడండి. నేనూ కోప్పడ్డాను.

ఇలా కరిగిపోవడాన్నే కకెక్సియా అంటారు. దీనికి 2011లో ప్రపంచ నిపుణులు కలిసి ఒక గీత గీశారు: ఆరు నెలల్లో 5 శాతం మించి బరువు తగ్గితే, లేదా బీఎంఐ 20 లోపున్నా కండ తక్కువున్నా 2 శాతం మించి తగ్గితే. మావయ్య విషయంలో 5 శాతమంటే 3 కిలోల 300 గ్రాములు. ఆయన ఆ గీత దాటి చాలాకాలమైంది, 12 శాతం దగ్గరున్నారు, చీటీ మీద నార్మల్. ఆ నిర్వచనంలోనే ఇంకో కఠినమైన మాట కూడా ఉంది: మామూలు పోషణ ఇచ్చినంత మాత్రాన ఇది పూర్తిగా వెనక్కి రాదు. ఆకలితో ఎండిపోయిన మనిషికీ దీనికీ తేడా అదే. మా పక్క రాష్ట్రం జార్ఖండ్‌లో క్షయ రోగులకి నెలనెలా సరుకులిచ్చి చూసిన అధ్యయనం 2023లో అచ్చయింది, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగినవాళ్లలో చావు ముప్పు 61 శాతం తక్కువ. క్షయలో మందు క్రిమిని చంపుతుంటే తిండి నిలబెడుతుంది. క్యాన్సర్‌లో ఆ వాపు ఆరనంత కాలం తిన్నదాంట్లో కొంత బూడిదలో పోసినట్టే, అయినా కొంత నిలుస్తుంది. ఆ కొంతే ముఖ్యం.

కీమో సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. చాలా కీమో మందుల మోతాదుని ఒంటి ఉపరితల వైశాల్యం బట్టి కడతారు, ఎత్తూ బరువూ పెట్టి. ఆ పాత సూత్రం 1916లో తొమ్మిది మందిని కొలిచి రాసింది. నేను మావయ్య అసలు బరువు, చివరికి బియ్యం కొట్లో కాటా మీద నిలబెట్టి తూస్తే వచ్చిన 53, పెట్టి లెక్కేశాను. వైశాల్యంలో తేడా దాదాపు నాలుగు శాతమే వచ్చింది. కాబట్టి మందు ఎక్కువైపోయిందని ఆ ఆసుపత్రి మీద నింద వెయ్యను. అసలు చిక్కు అంకె మారినా మారకపోయినా ఉండేదే: ఒకే వైశాల్యం ఉన్న ఇద్దరిలో కండ ఎక్కువున్నవాడి ఒంట్లో మందు ఎక్కువ చోటికి పరుచుకుంటుంది, కండ లేనివాడి మీద చిక్కగా పడుతుంది. నోటి పూత, విరేచనాలు, రక్తకణాలు పడిపోవడం వాడికే ఎక్కువ. అవి వస్తే మోతాదు తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు. అలా వైద్యమే సగమైపోతుంది. మావయ్యకి నాలుగో కీమో రెండుసార్లు వాయిదా పడింది.

ఇక్కడ ఎవరైనా తెలివైనవాళ్లు అడ్డుపడతారు: కండ తగ్గడం వల్ల పోతున్నారా, జబ్బు ముదిరింది కాబట్టి కండ తగ్గుతోందా? సరైన ప్రశ్న. ఎలుకల్లోనైతే జవాబు దొరికింది. 2010లో కండని కరిగించే సంకేతాన్ని అడ్డుకునే మందిచ్చారు, గడ్డ పెరుగుదల ఏమాత్రం ఆగలేదు, అయినా కండ తిరిగొచ్చిన ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. మనుషుల దగ్గరకొస్తే అంత సాఫీగా లేదు. అనమొరెలిన్ అనే మందు ఆకలీ బరువూ పెంచింది, కొవ్వులేని ఒంటి బరువు కూడా పెరిగింది, కానీ చేతి పట్టు మాత్రం పెరగలేదు. జపాన్ 2021లో దానికి అనుమతిచ్చింది. జీడీఎఫ్-15ని కట్టేసే పొన్సెగ్రోమాబ్ 2024లో 187 మంది మీద చూస్తే, పెద్ద మోతాదు తీసుకున్నవాళ్లు మందులేనివాళ్లకన్నా 12 వారాల్లో 2.8 కిలోలు ఎక్కువున్నారు. ఆయుష్షు పెంచుతుందని ఇంకా ఎవరూ చూపలేదు. ఆకలి కోసం ఇచ్చే పాత మందు మెజెస్ట్రాల్ అయితే పెంచే బరువు ఎక్కువగా కొవ్వూ నీరూ, పైగా రక్తం గడ్డకట్టే భయం.

నాకు నచ్చింది మన దగ్గరలో జరిగిన పని. పుదుచ్చేరి జిప్మర్‌లో జీర్ణాశయం, కాలేయ-పిత్తనాళాలు, ఊపిరితిత్తుల క్యాన్సర్లున్నవాళ్లకి కీమోతో పాటు ఒలాంజపీన్ 2.5 మిల్లీగ్రాములు రోజూ ఇచ్చి చూశారు, 2023లో అచ్చయింది. 5 శాతం మించి బరువు పెరిగినవాళ్లు మందు వేసుకున్నవాళ్లలో 60 శాతం, ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 9 శాతం. ఒలాంజపీన్ ఎక్కువ మోతాదులో మానసిక జబ్బులకి వాడే పాత మందు, చవక, మన షాపుల్లో దొరుకుతుంది. అలాగని మీరే కొనేసి వేసెయ్యకండి, నిద్రమత్తు, షుగరు లాంటివి చూసుకోవాలి, డాక్టర్ రాయాలి. కానీ "ఆకలి అసలు లేదండీ, దీనికి మందేమైనా ఉందా" అని అడగడానికి ఈ సంగతి తెలిసుంటే ధైర్యమొస్తుంది. మేము అడగలేదు. ఆకలి లేకపోవడం కూడా చెప్పుకోవాల్సిన బాధేనని మాకు తట్టలేదు.

ఇక పథ్యం. మా వైపు మంచి మనసుతో జరిగే ఘోరం ఇదే. క్యాన్సరనగానే గుడ్డు వేడి అని ఆపేశారు, గోపాలపురం నుంచి వచ్చే చేప నీచు అని ఆపేశారు, వాట్సాప్‌లో ఎవరో పంపింది చూసి పంచదారా పాలూ ఆపేశారు. మావయ్య రోజు తిండి నేనొకసారి కాగితం మీద రాశాను: పొద్దున్న రెండు ఇడ్లీలు, పదింటికి చోడి అంబలి ఒక గ్లాసు, మధ్యాహ్నం చారన్నం కప్పుడు, సాయంత్రం మజ్జిగ, రాత్రి మళ్లీ మెత్తన్నం, పప్పు తేట. ప్రొటీన్ ఎంత దయగా లెక్కేసినా 20 గ్రాములకి అటూ ఇటూ. కావలసింది కిలో బరువుకి ఒక గ్రాము పైన, వీలైతే ఒకటిన్నర, యూరప్ పోషణ నిపుణుల సంఘం చెప్పేది ఇదే. అంటే ఆయనకి కనీసం 55, వీలైతే 80. మేము పావు వంతో మూడో వంతో పెడుతూ, మందు పని చెయ్యట్లేదని దేవుళ్లకి మొక్కుకుంటున్నాం.

పంచదార ముచ్చట కూడా కాస్త విప్పాలి. గడ్డలు చక్కెరని తెగ వాడుకుంటాయని 1920లలో జర్మనీలో ఆటో వార్‌బర్గ్ చూపిన మాట నిజం. కానీ తినడం మానేస్తే రక్తంలో చక్కెర అడుగంటదు, మెదడు ఊరుకోదు కాబట్టి కాలేయం తయారుచేస్తుంది, దేనితో అంటే చాలా భాగం కండ కరిగించిన ప్రొటీన్‌తో. గడ్డని మాడ్చుదామని కూర్చుంటే మాడేది మనిషి. షుగర్ జబ్బున్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు మందూ తిండీ డాక్టర్‌తో సరిచూసుకోవాలి, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ప్రొటీన్ పెంచే ముందు అడగాలి.

మరి ఎక్కణ్ణుంచి తేవాలి అంటే ఖరీదైన డబ్బా పొడులే అక్కర్లేదు. ఒడిశాలో ఉన్న మనకి ఒక సుఖం, పాలు విరగ్గొట్టి తీసే ఛెనాని మిఠాయి కొట్టుకెళ్లి పంచదార కలపకముందే వంద గ్రాములు తూయించుకోవచ్చు, అందులో దాదాపు 18 గ్రాముల ప్రొటీన్. గుడ్డుకి ఆరు గ్రాములు. సోయాబడి ఎండువి సగం బరువు ప్రొటీనే, నానబెట్టి పొడిచేసి అంబలిలోనో కిచిడీలోనో కలిపితే నోరు పూసినవాళ్లకీ దిగుతుంది. పిన్నికి మేమదే చేశాం, చోడి అంబలి నీళ్లతో కాకుండా పాలతో కాచి. పూటకి మూడు ముద్దలే పోతాయనుకుంటే ఆ మూడు ముద్దలు చారన్నం కాకుండా చూసుకోవడం, అంతే కిటుకు. రోజుకి మూడుసార్లు కాకుండా ఆరుసార్లు.

తిండి ఒక్కటే పోస్తే కండ కట్టదు, కండకి పని చెప్పాలి. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో అయిపోయిన 889 మందిలో సగం మందికి మూడేళ్లు శిక్షకుల తోడుతో వ్యాయామం చేయించారు, మిగతా సగానికి పుస్తకం ఇచ్చి పంపారు, 2025లో ఫలితాలొచ్చాయి. ఎనిమిదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు 90.3 శాతం, రెండో గుంపులో 83.2. వింతేమిటంటే రెండు గుంపుల బరువులోనూ నడుం చుట్టుకొలతలోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు, మళ్లీ తూకం మిషన్‌కి ఏమీ తెలియలేదు. మావయ్యలా ముదిరిన జబ్బున్నవాళ్లకి ఈ అంకెలు అతికించకూడదు. కానీ మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, వరండాలో పది అడుగులు, చేతిలో నీళ్ల సీసా పట్టుకుని పైకీ కిందికీ, ఇవి ముదిరినవాళ్లకీ పనికొస్తాయి, ఎముకల్లోకి పాకితే మాత్రం ఏది చెయ్యొచ్చో అడిగి చెయ్యాలి.

ఇంట్లో కొలుచుకోవడానికి టైలర్ టేపు చాలు. కూర్చుని పిక్క లావుగా ఉన్నచోట కొలవండి, మగవాళ్లకి 34 సెంటీమీటర్ల లోపు, ఆడవాళ్లకి 33 లోపు ఉంటే అనుమానించాలని ఆసియా నిపుణుల బృందం 2019లో చెప్పింది. కాళ్లు నీరు పట్టి ఉంటే ఆ కొలత నమ్మొద్దు. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోమనండి, 12 సెకన్లు పట్టినా దాటినా కండ బలం తగ్గినట్టే. పిన్నికి మొదటిసారి 19 సెకన్లు పట్టింది, రెండుసార్లు మధ్యలో ఆగింది. చెల్లెలు ఫోన్లో టైము చూసి గోడ క్యాలెండర్ మీద ప్రతి ఆదివారం రాసేది. మూడు నెలలకి 13. ఆవిడ బరువు ఆ మూడు నెలల్లో ఒక కిలో తగ్గింది, ఈసారి మాత్రం ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు.

ముక్కు గొట్టం మాట కూడా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే మా ప్రాంతంలో గుట్కా, ఖైనీ పుణ్యమాని నోటి క్యాన్సర్లు ఎక్కువ. గొట్టం వేద్దామనగానే ఇంటికి తీసుకుపోతామంటారు, గొట్టమంటే ఆఖరి ఘడియ అని భయం. రేడియేషన్ నడిచే ఆరేడు వారాలూ గొంతు మండి గుటక పడనప్పుడు ఆ గొట్టం వంతెన లాంటిది, అవతలి ఒడ్డు చేరాక తీసేస్తారు. వంతెన ఎక్కకుండా ఏట్లో దిగినవాళ్లని చూశాను.

అయితే ఒక దశ వస్తుంది, వైద్యమేదీ పట్టదు, ఒళ్లు ఏదీ నిలుపుకోలేదు. ఆ 2011 నిర్వచనంలో దానికీ ఒక మెట్టుంది, ఇక వెనక్కి రాని దశ అని. అప్పుడు బలవంతంగా కుక్కితే వాంతి, ఆయాసం, నీరు చేరడం తప్ప మరేం రాదు. తినకపోవడం వల్ల పోతున్నాడని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, నిజానికి పోతున్నాడు కాబట్టే తినలేకపోతున్నాడు. మావయ్య చివరి పది రోజుల్లో అత్త గిన్నె పట్టుకుని మంచం చుట్టూ తిరుగుతుంటే ఆయన తల తిప్పేసుకునేవారు. ఒక మధ్యాహ్నం మాత్రం ఆయనే అడిగారు, "తరవాణి ఉందా?" అని. ఉంది, వెనక వసారాలో కుండలో. నేను ప్రొటీన్ లెక్క కాగితం జేబులో పెట్టేసుకున్నాను. అత్త నిమ్మాకు నలిపి వేసి రెండు చెంచాలు పోసింది, ఆయన మూడోది కూడా అడిగారు.